తిప్పకూడని గుడ్డు



మాది పోతిరెడ్డిపల్లి. హైదరాబాద్ నుంచి ముంబయి హైవే మీద వస్తుంటే సంగారెడ్డి ఊళ్ళోకి మళ్ళే చౌరస్తా మా ఊరి పేరు మీదే ఉంది. పొద్దున్నే పటాన్‌చెరు కంపెనీల్లో నైట్ డ్యూటీ ముగించినవాళ్ళు నిద్రకళ్ళతో అక్కడ బస్సు దిగుతారు. పగటి డ్యూటీ వాళ్ళు ఎక్కుతారు. 22 ఏళ్ళు నేనూ ఆ బస్సు ఎక్కి దిగినవాణ్ణే. నేను పనిచేసిన చోట మందులు తయారుకావు, ఇనుము కరగదు. కోడిపిల్లలు తయారవుతాయి. దాన్ని హ్యాచరీ అంటారు.

అక్కడ సెట్టర్ గది నా బాధ్యత. సెట్టర్ అంటే గుడ్లను వెచ్చగా ఉంచే పెద్ద ఇనప బీరువా అనుకోండి. లోపల వేడి 37.5 డిగ్రీలు, అర డిగ్రీ అటూ ఇటూ అయినా బెల్లు మోగుతుంది. గంటకోసారి ట్రేలన్నీ ఒక పక్కకి వాలతాయి, మరో గంటకు రెండో పక్కకి. 18 రోజులయ్యాక గుడ్లను హ్యాచర్ అనే ఇంకో యంత్రంలోకి మారుస్తాం. 21వ రోజున గది నిండా కిచకిచలు.

ఇందులో పెద్ద విద్యేమీ లేదని మా అమ్మ అనేది. ఆమె గంపలో ఊక పోసి, పదకొండో పదమూడో గుడ్లు పెట్టి, పొదుగు మీదున్న కోడిని ఎక్కించేది. ఉరిమితే గుడ్లు మురుగుతాయని ఒక ఇనుపముక్క కూడా గంపలో వేసేది. ఉరుముకూ గుడ్డుకూ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు గానీ, గుడ్లను తిప్పే పని మాత్రం ఆ కోడి మా సెట్టర్ కంటే బాగా చేసేది. కూర్చున్నచోటి నుంచే ముక్కుతో ఒక్కొక్క గుడ్డునూ లోపలికి లాక్కుని దొర్లించేది. తిప్పకపోతే లోపలి పిండం పెంకు పొరకు అతుక్కుని చచ్చిపోతుంది. కోళ్ళ పనిలో చేరిన కుర్రాడికి మేం మొదటి రోజే చెప్పే మాట ఇది. తిప్పని గుడ్డు పిల్ల కాదు.

ఈ ఒక్క మాట గట్టిగా నమ్మడం వల్ల నేను ఒకసారి పదకొండు ప్రాణాలు తీశాను. ఈ రోజు మీ ముందుకు రావడానికి కారణం అదే.

1990లలో ఒక వానాకాలం. కొత్త షెడ్డు కోసం పునాది తవ్వుతున్నారు. ఒక కూలీ పరుగెత్తుకొచ్చి, "సార్, గుడ్లు దొరికినయ్. మన కోడివి కావు" అన్నాడు. వెళ్ళి చూస్తే పాత ఇటుకల కుప్ప కింద, మట్టి బొరియలో, పొడుగాటి తెల్లటి గుడ్లు. వేలితో నొక్కితే తోలు సంచిలా లోపలికి పోతున్నాయి. పక్కనే కుబుసం. జెర్రిపోతువి అని పెద్దవాళ్ళు తేల్చారు. కొందరు పగలగొడదామన్నారు. నేను అడ్డం పడ్డాను. ఎలుకల్ని తినే పాము, మన గోడౌన్‌కి మేలే కదా అన్నాను. అక్కడిదాకా మంచి పనే.

తర్వాత చేసినవన్నీ తప్పులే. మట్టి అంటిందని వాటిని నీళ్ళతో కడిగాను. గుడ్డ పెట్టి తుడిచాను. ఒక ట్రేలో వరసగా పేర్చి, మా సెట్టర్ అడుగు అరలో పెట్టాను. 37.5 డిగ్రీలు. గంటకోసారి వాలడం. వారానికి అవి ముడతలు పడ్డాయి. పది రోజులకు వాసన. ఒకటి కోసి చూస్తే లోపల దారం లాంటి చిన్న పాము, చుట్టుకుని, రంగు మారిపోయి ఉంది. దానికి కళ్ళు కూడా ఏర్పడ్డాయి. ఆ రెండు నల్లటి చుక్కలు నాకు ఇప్పటికీ గుర్తు.

అప్పుడు నాకొక స్నేహితుడు ఉండేవాడు. అటవీశాఖలో వాచర్. కుర్రతనంలో మొసళ్ళ ప్రాజెక్టులో రోజుకూలీగా గుడ్లు మోసినవాడు. నా కథంతా విని నవ్వలేదు. "అన్నా, నీ కోడి లెక్కకు అవి సరిపోవు. నేలలో పుట్టిన గుడ్డు వేరు, గంపలో పుట్టిన గుడ్డు వేరు" అన్నాడు. అతని దగ్గర నేర్చుకున్నదీ, తర్వాత చదివి తెలుసుకున్నదీ కలిపి చెబుతాను.

కోడిగుడ్డు పగలగొట్టినప్పుడు పచ్చసొనకు అటూ ఇటూ తెల్లటి మెలిక తాడు లాంటిది కనిపిస్తుంది. ఆమ్లెట్ వేసేవాళ్ళు దాన్ని చూసి ముఖం చిట్లిస్తారు. ఆ తాళ్ళే పచ్చసొనను ఉయ్యాలలా నడిమధ్యన పట్టి ఉంచుతాయి. గుడ్డు ఎటు దొర్లినా పిండం ఉన్న వైపు తేలి పైకే వస్తుంది. పాము, తాబేలు, మొసలి, ఉడుము గుడ్లలో ఆ తాళ్ళు లేవు. మొసలి గుడ్డులో అయితే పెట్టిన ఒక రోజులోపే పిండం పైకి తేలి, పెంకు లోపలి పొరకు అతుక్కుంటుంది. కోడిగుడ్డులో ఏది జరిగితే చావో, అదే ఇక్కడ బతుకు. ఒకసారి అతుక్కున్నాక గుడ్డును తలకిందులు చేస్తే, పైనున్న పచ్చసొన బరువు కింది పిండాన్ని నలిపేస్తుంది, లేదా లేత పొరలు చిరుగుతాయి. సముద్ర తాబేళ్ళలోనూ ఇంతే. పాము గుడ్డు ఈ విషయంలో అంత సున్నితం కాదంటారు. నా జెర్రిపోతు గుడ్లను ముందుగా చంపింది ఆ తిప్పడం కంటే వేడే అయి ఉంటుంది. పాము గుడ్లకు 28, 30 డిగ్రీలు చాలు. నేను వాటిని నెమ్మదిగా ఉడకబెట్టాను.

అందుకే మొసలి గుడ్లు తీసే మనిషి చేతిలో మొట్టమొదట ఉండాల్సింది పెన్సిల్. గూడు మీద ఇసుక మెల్లగా తోసి, గుడ్డు కనబడగానే, దాన్ని కదపకముందే, పైవైపున ఒక గుర్తు పెట్టాలి. ఆ గుర్తు ఇక ఆకాశాన్నే చూస్తుండాలి. బుట్టలో, జీపులో, ఇసుక గుంటలో, పిల్ల వచ్చేదాకా. మా వాచర్ మాటల్లో చెప్పాలంటే, "గుడ్డుకు బొట్టు పెట్టినం, బొట్టు మీదికే ఉండాలె." తీసుకుపోయే బుట్టలో ఆ గూటి ఇసుకనే పోసేవారట. బండి గతుకుల్లో పడితే డ్రైవర్‌కు తిట్లు.

ఇంతకీ ఆ గుడ్లు ఎక్కడివి, ఎందుకు మోశారు? పోతిరెడ్డిపల్లి నుంచి మంజీర నది ఎంతో దూరం కాదు. కల్పగూర్ దగ్గర బ్యారేజి. 1965 నుంచి ఆ నీళ్ళు కూడా హైదరాబాద్ గొంతు తడిపాయి. సింగూరు నుంచి అక్కడిదాకా 36 కిలోమీటర్ల నదిని 1978లో మంజీర అభయారణ్యంగా ప్రకటించారు. మధ్యలో పుట్టిగడ్డ, బాపనగడ్డ, కర్ణంగడ్డ లాంటి లంకలు. కొంగలు, చిలువ బాతులు అందరికీ కనబడతాయి. నిజానికి ఆ అభయారణ్యం పేరు నిలబెట్టింది మాత్రం మడుగు మొసలి. ఉప్పునీటి మొసలి కాదు, పొడుగు మూతి ఘరియల్ కాదు, మన చెరువుల్లో కుంటల్లో ఉండే పొట్టి వెడల్పు మూతిది.

తోలు కోసం వేటాడి వేటాడి, 1970ల మొదటికి దేశంలో మూడు జాతుల మొసళ్ళూ అడుగంటిపోయాయి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1975లో కేంద్ర ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి సాయంతో మొసళ్ళ ప్రాజెక్టు మొదలుపెట్టింది. రాబర్ట్ బస్టర్డ్ అనే శాస్త్రవేత్త దానికి సలహాదారు. పద్ధతి చాలా తేలిక, చెప్పుకోవడానికి. నది ఒడ్డున గూళ్ళు వెతకాలి, గుడ్లు తేవాలి, మన కాపలాలో పొదిగించాలి, పిల్లల్ని నాలుగడుగుల దాకా పెంచాలి, మళ్ళీ నదిలో వదలాలి. గూట్లోనే వదిలేస్తే ఉడుములు, ముంగిసలు, నక్కలు, అడవి పందులు చాలావరకు తినేస్తాయి. మిగిలినవాటిలో పుట్టిన పిల్లల్ని కొంగలు, చేపలు, ఆఖరికి పెద్ద మొసళ్ళు కూడా మింగుతాయి. నాలుగడుగులు దాటితే దాని జోలికి వచ్చేవాడు మనిషి తప్ప ఎవడూ లేడు. ఆ పనికి హైదరాబాద్ ఒక ముఖ్య కేంద్రం అయింది. నెహ్రూ జూపార్కులో మొసలి పిల్లల్ని పెంచారు. దేశమంతటి నుంచి వచ్చిన అటవీ ఉద్యోగులకు మొసళ్ళ పెంపకంలో శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థను కూడా ఈ నగరంలోనే పెట్టారు. మంజీరలో, కిన్నెరసానిలో, ఇంకా కొన్ని నీళ్ళలో వదిలినవి ఆ పిల్లలే.

మడుగు మొసలి మన దగ్గర ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒడ్డున అడుగు, అడుగున్నర లోతు గుంట తీసి గుడ్లు పెడుతుంది. 25, 30 గుడ్లు. పెంకు గట్టిగానే ఉంటుంది, కోడిగుడ్డు కంటే పొడుగు, బరువు దాదాపు రెట్టింపు. రెండు నెలలు అటూ ఇటూగా పిల్లలు వస్తాయి, అంటే తొలకరికి ముందు. మొసలి లెక్క తప్పదు. వాన పడేలోపు పిల్లలు నీళ్ళలో ఉండాలి. ఆలస్యమైతే గూటిలోకి నీరు దిగి, పెంకులోంచి గాలి ఆడక పిండాలు కొద్ది గంటల్లో ఊపిరాడక పోతాయి. గుడ్డు కూడా ఊపిరి తీస్తుందని మనం మర్చిపోతాం.

హ్యాచరీలో మేం గుడ్డు వెనక దీపం పెట్టి, లోపల నరాలు కనబడితే బతికి ఉందనీ లేకపోతే ఉత్తదనీ తేలుస్తాం. మొసలి గుడ్డుకు చాలావరకు ఆ దీపమే అక్కర్లేదు. పిండం అతుక్కున్నచోట, పైన, సున్నం చుక్క పెట్టినట్టు ఒక తెల్లటి మచ్చ వస్తుంది. మిగతా పెంకు కాస్త పారదర్శకంగా ఉంటే, ఈ మచ్చ ఒక్కటే చిక్కటి తెలుపు. రోజులు గడిచేకొద్దీ అది పట్టీలా నడుము చుట్టూ పాకి, చివరికి రెండు కొసల దాకా పోతుంది. పట్టీ వస్తే ప్రాణం ఉంది. నాలుగైదు రోజులైనా మచ్చ రాకపోతే అది ఉత్త గుడ్డు, లేదా మొదట్లోనే పోయింది. మచ్చ వచ్చి, పాకడం ఆగిపోతే మధ్యలో పోయింది. ఇంతకంటే మంచి రిజిస్టర్ నేను ఏ కంపెనీలోనూ చూడలేదు.

ఇక వచ్చే తిప్పలు. నీళ్ళతో ముందు మొదలుపెడతాను, ఎక్కువ గుడ్లు పోయేది అక్కడే కాబట్టి. ఇసుక తడిగా ఉండాలని అందరికీ తెలుసు. ఎంత తడి అన్నది చేతికి తెలియాలి. గుప్పిట్లో పట్టి పిసికితే ముద్ద కట్టాలి, చుక్క కారకూడదు. ఎండాకాలం కదా అని రెండు పూటలా బిందెతో పోసేవాడు గుడ్లను ముంచుతాడు. పోస్తే గుంట చుట్టూ పోయాలి, గుడ్ల మీద కాదు. చల్లటి బోరు నీళ్ళు అసలే వద్దు. అటుపక్క, ఇసుక పొడిబారితే గుడ్డులోంచి తేమ బయటికి పోతుంది. పాము, ఉడుము గుడ్లైతే సొట్ట పడి చూపిస్తాయి. సొట్ట పడ్డ గుడ్డు చచ్చినట్టు కాదు. పక్కన తడి నాచో, తడి బట్టో పెడితే రెండు రోజుల్లో మళ్ళీ ఉబ్బుతుంది. మొసలి గుడ్డు పెంకు గట్టిది కనుక సొట్ట పడదు, పైకి తెలియకుండానే లోపల ఎండుతుంది. అదే ప్రమాదం.

బూజు రెండోది. కొత్తవాళ్ళు బూజు చూడగానే గుడ్డు పారేస్తారు. బతికున్న గుడ్డు మీద బూజు పైపైన పట్టినా లోపలికి పోవడం అరుదు. మెల్లగా, గుడ్డును తిప్పకుండా, పొడి గుడ్డతో తుడిస్తే చాలు. నేను చేసినట్టు కడగకూడదు. కానీ చచ్చిన గుడ్డు మురిగితే దాని బూజు పక్కగుడ్లకు పాకుతుంది. అందుకని పట్టీ రాని గుడ్లను గుర్తుపట్టి పక్కకు తీయాలి. అనుమానం ఉంటే విడిగా ఇంకో గుంటలో పెట్టి చూడాలి. మా వాచర్ ఒకసారి పారేద్దామనుకున్న గుడ్డును అలా వేరుగా పెడితే పిల్ల వచ్చిందట. ఆ పిల్లకు ఏం పేరు పెట్టాడో చెప్పను. అది మా పెద్దసారు పేరు.

చీమల సంగతి చెప్పకపోతే పాపం. పిల్ల పెంకు పగలగొట్టే గంటలో గండుచీమలు వాసన పట్టి వస్తాయి. పెంకు చీలికలోంచి లోపలికి దూరి, బయటికి రాలేని పిల్లను కొరికి చంపుతాయి. గుంట చుట్టూ నీళ్ళ కాలువ తీయడం తప్ప మందు లేదు. పురుగుల మందు చల్లితే చీమలతో పాటు గుడ్లూ పోతాయి.

అన్నిటికంటే విచిత్రమైన సంగతి వేడి. కోడిగుడ్డులో పుంజా పెట్టా అన్నది తల్లి పెట్టినప్పుడే తేలిపోతుంది. మొసలి గుడ్డులో తేలదు. గూటి వేడి తేలుస్తుంది. ఇలాంటిది ఒకటి ఉందని మొట్టమొదట 1966లో ఆఫ్రికాలోని సెనెగల్‌లో మదలిన్ షార్నియే అనే ఆమె తొండ జాతి జంతువు గుడ్లలో గమనించింది. చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1982లో అమెరికా ఎలిగేటర్లలో ఇదే రుజువైంది. మన మడుగు మొసలి సంగతి తేల్చింది మద్రాసు దగ్గరి మొసళ్ళ బ్యాంకులో. జెఫ్రీ లాంగ్, హ్యారీ ఆండ్రూస్, రోములస్ విటేకర్ 1989లో ఆ లెక్క ప్రచురించారు. 28 నుంచి 31 డిగ్రీల దాకా స్థిరంగా ఉంచితే అన్నీ ఆడవే. 32.5 దగ్గర అన్నీ మగవే. ఆ మధ్యలోనూ, 33 దగ్గరా కలగాపులగం. అంటే ఒకటిన్నర డిగ్రీ తేడాలో ఒక గూటి పిల్లలన్నీ అక్కచెల్లెళ్ళు కావచ్చు, అన్నదమ్ములూ కావచ్చు. అది తేలేది పొదుగు మొత్తం కాలంలో కాదు, నడిమి మూడో వంతులో. అప్పుడు కరెంటు పోయిందా, గుంట మీద తాటాకు పందిరి గాలికి లేచిందా, మొసళ్ళలో ఆడామగా లెక్క మారిపోతుంది.

నాకు ఇది విన్నాక మొదట నవ్వొచ్చింది, తర్వాత భయం వేసింది. 22 ఏళ్ళలో నేను బెల్లు మోగితే సెట్టర్ దగ్గరికి పరుగెత్తింది పిల్లలు చావకుండా. ఇక్కడ పిల్లలు చావవు, బాగానే పుడతాయి. తప్పు జరిగిందని పదేళ్ళ తర్వాత, నదిలో జత దొరక్కపోతే తెలుస్తుంది. సముద్ర తాబేళ్ళలో ఈ లెక్క ఇంకో రకం. అక్కడ వేడెక్కితే ఆడవి, చల్లబడితే మగవి. విశాఖ ఒడ్డునా, ఇంకా కిందికి మన కోస్తా పొడుగునా చలికాలం చివర్లో తాబేళ్ళ గుడ్లు తెచ్చి ఇసుకలో పాతి కంచె వేసే కుర్రాళ్ళు ఉన్నారు. ఎండ ముదిరేకొద్దీ ఆ గుంటల మీద నీడ ఎంత వేయాలన్నది వాళ్ళకు అందుకే పెద్ద ప్రశ్న.

వేడి మరీ హెచ్చితే, 34 దాటి పైకి పోతే, మగా ఆడా అన్న మాట పక్కన పెట్టండి, పిల్ల రూపమే చెడుతుంది. తోక మెలిక తిరుగుతుంది. వెన్ను వంకర. ఒక్కోసారి దవడ పొట్టిది. మరీ చల్లబడితే పొదుగు రోజులు సాగుతాయి, పిల్లలు నీరసంగా పుడతాయి. ఇంకో మెలిక ఉంది. చివరి వారాల్లో పిండాలు పెద్దవై వాటంతట అవే వేడి పుట్టిస్తాయి. ముప్పై ప్రాణాలు ఒక గుంటలో ఇరుక్కుంటే గూటి నడుమ వేడి ఒక డిగ్రీ పైకి పోవచ్చు. బయట థర్మామీటర్ చూసి నిశ్చింతగా ఉండేవాడు మోసపోతాడు. థర్మామీటర్ గుడ్ల నడుమ ఉండాలి.

కొండచిలువ ఒక్కటి వీటన్నిటికీ వేరు. అది గుడ్ల చుట్టూ చుట్టుకుని కూర్చుంటుంది, చల్లబడితే కండలు అదురుతూ తన ఒంటి వేడి పెంచుకుంటుంది. వణికి మరీ గుడ్లను కాచే పాము! మా అమ్మకు ఈ ముచ్చట చెబితే నమ్మలేదు. "పాముకు వెచ్చటి ఒళ్ళేడిది బిడ్డా" అంది.

పెంకు గురించి ఒక్క మాట. గూటిలో ఇసుక, కుళ్ళిన ఆకు, దాంట్లోని సూక్ష్మజీవులు కలిసి రెండు నెలల్లో గుడ్డు పెంకును పైపొరల్లో కొద్దికొద్దిగా తింటాయి. పెంకు పలచబడుతుంది, బీటలు వారుతుంది, లోపలి పిల్లకు గాలి ఎక్కువ అందుతుంది, పగలగొట్టడం తేలికవుతుంది. శుభ్రంగా, మందులతో కడిగిన డబ్బాలో పొదిగిస్తే పెంకు కొత్తదానిలాగే గట్టిగా మిగిలిపోతుంది. పిల్ల బయటికి రాలేక లోపలే అలసిపోతుంది. మా హ్యాచరీలో ఫార్మాలిన్ పొగ వేసి, కాళ్ళకు మందునీళ్ళు తొక్కి, స్నానం చేసి లోపలికి వెళ్ళేవాళ్ళం. శుభ్రం అంటే ప్రాణం అని నమ్మిన మనిషిని నేను. కొంచెం మట్టి కూడా మందేనని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఇక్కడే మన పటాన్‌చెరు గుర్తొస్తుంది. ఎక్కడి మట్టి అన్నది ప్రశ్న. కంపెనీల మురుగు మోసిన నక్కవాగు నీళ్ళు మంజీరలో కలుస్తాయి. ఆ వాగు రంగు గురించి, వాసన గురించి 1990లలో కోర్టుల దాకా పోయిన పోరాటం ఈ ప్రాంతం వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో అపోప్కా అనే చెరువు ఉంది. 1980లో ఒడ్డునున్న పురుగుమందుల కంపెనీ నుంచి డీడీటీ జాతి రసాయనం పెద్దఎత్తున నీళ్ళలోకి వచ్చింది. తర్వాత లూయీ గిలెట్ అనే ఆచార్యుడు ఆ చెరువు ఎలిగేటర్ల గుడ్లు తెచ్చి పొదిగించి చూశాడు. చాలా గుడ్లు పొదగనే లేదు. పుట్టిన మగపిల్లల్లో మగ హార్మోను తక్కువ, మర్మాంగాలు చిన్నవి. వేడి సరిగ్గానే ఉంది, తడి సరిగ్గానే ఉంది, పెన్సిల్ గుర్తు మీదికే ఉంది. తల్లి ఒంట్లోంచి పచ్చసొనలోకి దిగిన విషానికి పొదిగించేవాడు ఏం చేయగలడు? మంజీర మొసళ్ళకు అలా జరిగిందని నేను అనడం లేదు. గుడ్డు చెడితే గుంటనే కాకుండా నదిని కూడా చూడాలని మాత్రం అంటాను.

మీకు ఎక్కడైనా ఇలాంటి గుడ్లు దొరికితే? పునాదులు తవ్వేచోట, ఇటుకబట్టీల దగ్గర, చెరువు గట్టున, మన పారిశ్రామికవాడలో ఇది రోజూ జరిగే పనే. నేను చేసిందేదీ చేయకండి. ఇంట్లో పొదిగించే ప్రయత్నం వద్దు. మొసలి చట్టంలో మొదటి షెడ్యూల్ జంతువు, అడవి జంతువుల గుడ్లకూ చట్టం కాపుదల ఉంది. తవ్వడం ఆపండి, మట్టి మళ్ళీ మెల్లగా కప్పండి, అటవీశాఖకు ఫోన్ చేయండి. పాముల సంగతైతే హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళు 1995 నుంచి ఈ పనిలో ఉన్నారు. కదపక తప్పకపోతే, పెన్సిల్ గుర్తు మర్చిపోకండి.

మొసళ్ళ గుడ్లు పొదిగించడం ఎంత బాగా వచ్చిందంటే, చివరికి అదే సమస్య అయింది. 1990ల నాటికి జూలు నిండిపోయాయి. వదలడానికి తగిన నీళ్ళు లేవు. మొసలి ఉన్న చెరువులో బట్టలు ఉతకమంటే ఏ ఊరు ఒప్పుకుంటుంది? పొదిగించడం ఆపండని పైనుంచి ఆదేశాలు వచ్చాయి. గుడ్లు మోసిన మా వాచర్ తర్వాత కొన్నేళ్ళు గుడ్లు పొదగకుండా చూసే పని కూడా చేశాడట. ఆ ముచ్చట ఎక్కువ మాట్లాడడు.

పిల్లలు పుట్టే రాత్రి గురించి అడిగితే మాత్రం ఆగడు. పొదుగు పూర్తయ్యే రోజుల్లో ఇసుక మీద చెవి పెడితే లోపలి నుంచి చిన్న కూతలు వినిపిస్తాయట, కప్ప పిల్ల గొంతులా. ఒకటి కూస్తే ఇంకోటి. ఫ్రాన్స్‌లో శాస్త్రవేత్తలు నైలు మొసలి గుడ్ల దగ్గర ఈ కూతలు రికార్డు చేసి మళ్ళీ వినిపించి చూశారు. 2008లో ప్రచురించారు. కూత వినిన గుడ్లు కదిలి, జవాబిచ్చి, ఒకేసారి పగిలాయి. తల్లి కూడా విని తవ్వడం మొదలుపెట్టింది. కూత వచ్చిందంటే తవ్వాలి, రాకముందు తవ్వకూడదు. కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఇక్కడే తొందరపడతారు. ఒక గుడ్డు పగిలి, మిగతావి పగలకపోతే, జాలిపడి గోటితో పెంకు ఒలుస్తారు. పిల్ల వస్తుంది, పొట్ట కింద ఇంకా ఇంకని పచ్చసొన సంచి వేలాడుతుంటుంది. ఆ సంచి చిరిగితే పిల్ల బతకదు. అలా వచ్చినదాన్ని శుభ్రమైన తడిగుడ్డ మీద ఉంచి, కదపకుండా, సంచి లోపలికి పోయేదాకా రోజుల తరబడి చూడాలి. చాలాసార్లు చూడటమే మిగులుతుంది.

"మరి తల్లి ఏం చేస్తుంది? అది కూడా అట్లనే చూస్తదా?" అని అడిగాను ఒకసారి. మంజీర గట్టున, ఎండ దిగాక, ఇద్దరం టీ తాగుతున్నాం.

"తల్లి వేరే అన్నా" అన్నాడు. జూలో ఒక రాత్రి తాను చూసినట్టు చెప్పాడు. తల్లి ముందుకాళ్ళతో గుంట తీసింది. బయటికి వచ్చిన పిల్లల్ని నోట్లో వేసుకుని నీళ్ళలోకి చేర్చింది. మద్రాసు దగ్గర మగ మొసలి కూడా ఇలా చేయడం విటేకర్ బృందం చూసి రాసింది. చివరికి ఒక గుడ్డు మిగిలింది, లోపల కూస్తోంది, పగలడం లేదు. తల్లి దాన్ని నోట్లోకి తీసుకుంది. వాచర్ ఊపిరి బిగబట్టాడు. ఎద్దు ఎముక విరిచే దవడలు అవి. నాలుకకూ అంగిటికీ నడుమ పెట్టి, ఆ గుడ్డును అటూ ఇటూ దొర్లించింది. పెంకు చిట్లిన చప్పుడు, అంతే. నోరు తెరిస్తే పిల్ల నాలుక మీద ఉంది.

నేను టీ గ్లాసు కింద పెట్టి, "తిప్పింది" అన్నాను.

"అవును, తిప్పింది" అన్నాడు. "అదొక్కటే తిప్పొచ్చు."